ఇండుపగింజ అక్కర్లేని రోజు

ఇవాళ బిందెలో ఇండుపగింజ అరగదియ్యలేదు.
ఏటి నీళ్ళు తెచ్చి దించితే
అడుగున సొట్ట కనిపించింది.
వైశాఖంలో రేవు మెట్ల మీద జారినప్పుడు పడ్డ సొట్ట.
మూడు నెలలు ఎర్రనీటి కింద ఉండిపోతే
అదొకటి ఉందనే మర్చిపోయాను.

సుభాషిణి నోటుబుక్కు పట్టుకుని వెనకే తిరుగుతోంది:
"అమ్మా, శరత్తు ఎలా వస్తుందో
అయిదు వాక్యాలు రాయమన్నారు."

ఏం చెప్పను?
ఇక్కడ చెట్లు ఆకులు రాల్చి కబురు పెట్టవు.
కొబ్బరి తనకి తోచినప్పుడు ఓ కమ్మ పడేస్తుంది.
అరటి చిరిగిన ఆకుతోనే గెల వేసేస్తుంది.
మా లంకలో రాలేది ఏరొక్కటే.
మెట్టు తర్వాత మెట్టు,
పదకొండు, పన్నెండు,
పదమూడో మెట్టు మీద
ఎవరిదో ఒక చెప్పు.

వరదప్పుడు నేను ఏడవలేదు.
తీరికేదీ?
మైకులో రెండో ప్రమాద హెచ్చరిక వినపడగానే
బియ్యం అటక మీదికి, గేదె ఏటిగట్టు మీదికి,
అత్తగారి మందుల సంచి నా మెడలోకి.
బడి వరండాలో తొమ్మిది రాత్రులు,
టార్పాలిన్ మీద వాన,
పొట్లాల్లో చల్లారిన పులిహోర.
నూకరత్నం వదిన చెప్పిన బూతు కథకి
పొట్ట పట్టుకుని నవ్వాం కూడా.
అది దాచుకోవడం దేనికి?

ఏడుపు నిన్న వచ్చింది.
ఏమీ జరగని నిన్న.
ఎండ పసుపు రాసుకున్నట్టుంది,
చేలు పొట్ట మీదున్నాయి,
గట్టు మీద ఎవరో వలలు ఆరేసుకుంటున్నారు.
తడిసిన దుప్పట్లు దండెం మీద వేస్తూ వేస్తూ
దుప్పటి వెనకాలే ఉండిపోయాను.

మా అరెకరం పోయింది.
నిరుడు కొంత, ఈ ఏడు కొంత.
మా ఆయన వీర్రాఘవులు పొద్దున్నే గట్టు దిగి
అడుగులు లెక్కపెట్టుకుంటాడు.
నూట పది ఉండేవి.
ఇప్పుడు నలభై ఒకటి.
నలభై రెండోదానికి కాలెత్తుతాడు,
కింద ఏరు,
ఎత్తిన కాలు మెల్లిగా వెనక్కి పెట్టుకుంటాడు.
పిల్లలు నడక నేర్చుకోవడం
తిరగేసి చూస్తున్నట్టుంటుంది.

కాయితాలు పట్టుకుని వచ్చినాయన మంచివాడే.
మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని,
"మునిగిన పంటకి గడి ఉందమ్మా,
చేనే లేకపోతే రాయడానికి గడి లేదు" అన్నాడు.
నాకేసి చూడకుండా అన్నాడు.

ఏటికి అవతల నిరుడు వేసిన మేట.
దానినిండా ఇప్పుడు రెల్లు పూసింది.
ఎవరూ నాటలేదు, ఎవరూ తడి పెట్టలేదు,
తెల్లగా, సిగ్గులేకుండా.
పంటు మీద వెళ్తుంటే
ఆ తెలుపు మధ్యలో ఒక అరటి పిలక కనపడింది.
"చక్కెరకేళీ" అన్నాడు ఈయన.
మాదో కాదో.
అరటికి పేరు రాసి ఉండదు కదా.
అయినా పంటు అవతలి రేవుకి చేరేదాకా
ఇద్దరం అటే చూశాం.
ఆయన వేళ్ళు తొడ మీద
ఏవో లెక్కపెడుతున్నాయి.

పిల్ల ఇంకా అడుగుతోంది.
రాసుకో:
ఏరు తేరుకుంటుంది.
పులస మళ్ళీ సముద్రం దారి పడుతుంది.
గేదె ఇంటికి వస్తుంది.
అమ్మ దుప్పట్లు ఆరేస్తుంది.
"నాలుగే అయ్యాయి" అంది.
అయిదోది నీకు తోచింది రాసుకో అన్నాను.

ఇండుపగింజ కడిగి, గుడ్డలో చుట్టి
ఆవాల డబ్బా వెనకాల పెట్టాను.
సగానికి సగం అరిగిపోయింది.
గ్లాసుడు నీళ్ళు ముంచుకుని తాగాను.
చల్లగా, తేటగా,
ఏ రుచీ లేకుండా ఉన్నాయి.
నాలుక కాసేపు మట్టి కోసం వెతుక్కుంది.
మొన్నటిదాకా అందులో
మా చేను కూడా కొంత ఉండేది.